పైనాయన బొమ్మ

రాత 1

చదివేవారికి దండాలు. ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా రాత కోడి గెలికినట్టుంటుంది. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. దిద్దుకుని చదువుకోండి. నేను చదివింది మా పాత ఊరి బడిలో, అయిదో తరగతి దాకా. ఆ బడి ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. పోటు తగ్గినప్పుడు పైకప్పు కనపడుతుంది. మా పీతల గూళ్ళ తాళ్ళు దానికే కట్టుకుంటాం.

నా పేరు సూరయ్య. మాది ఆరో గట్టు. నాచు ఆరబెట్టే షెడ్డులో పని. నా భార్య నూకరత్నం. ఆమెకి మూర్ఛ జబ్బు. తలకి వైద్యం చేసే తల పడవ వచ్చి గట్టు చివర కట్టుకుని ఉంది. మా వంతు ఇంకా రాలేదు.

తల పడవలో కత్తి పెట్టరు. తలకి చిన్న బెజ్జం చేసి, అగరొత్తి పుల్లంత సన్నటి గాజు దారం లోపలికి పంపుతారు. దాని కొసన లేజరు వెలుగు పుడుతుంది. ఆ వేడికి జబ్బు చోటు మాడిపోతుంది. వేడి ఎక్కడిదాకా పాకిందో ఎప్పటికప్పుడు రంగుల్లో గోడ మీద కనపడుతుంది. డాక్టరమ్మ పడవలో ఉండదు. కొండ మీద ఊళ్ళో ఉండి తెర మీద మాట్లాడుతుంది.

వైద్యం జరుగుతున్నంతసేపూ జబ్బు మనిషి మెలకువగా ఉండాలి. సొంత మనిషి ఒకరు పక్కన కూర్చుని మాట్లాడిస్తూ ఉండాలి. మాటలో తేడా వస్తే చెప్పాలి. ఆ మనిషిని మాట తోడు అంటారు. నూకరత్నానికి మాట తోడుని నేను. ఆ సంగతి తెలిసి గట్టు గట్టంతా నవ్వింది. పక్కింటి బుల్లెమ్మ అయితే, మూగోడి చేత హరికథ చెప్పిస్తున్నారర్రా అంది.

మాట తోడు కూర్చునేవాళ్ళంతా జరిగింది జరిగినట్టు చెప్పి పెట్టాలట. తర్వాతి గట్టులో కూర్చునేవాళ్ళు అది తెలుసుకుని కూర్చుంటారట. అందుకు మాటలు పట్టే యంత్రం ఒకటి నాకిచ్చారు. కొన్నాళ్ళు పోయాక పడవ నర్సు కరీమా అది విని, తాతా, ఇందులో నీ దగ్గు తప్ప ఇంకేం లేదు అంది. అందుకని ఈ కాయితాలిచ్చింది. నాకు మాట కన్నా రాత నయం. ఎదురుగా ఎవరూ మొహం చూడరు.

రాత 2

మా ఇంట్లో మాటలన్నీ నూకరత్నానివే. నావి కూడా ఆమే మాట్లాడుతుంది. ఎవరన్నా నన్నేదన్నా అడిగితే నేను ఆమె వైపు చూస్తాను. ఆమె చెప్పేస్తుంది. మావకి చేపల పులుసు వద్దంట. మావకి మోకాలు నొప్పంట. మావకి నీ మీద కోపం వచ్చింది, పైకి కనపడదు గానీ వచ్చింది. నాకు కోపం వచ్చిన సంగతి చాలాసార్లు ఆమె చెప్తేనే నాకు తెలిసేది.

మాకు పిల్లల్లేరు. ఆ లోటు ఇంట్లో తెలియలేదంటే ఆమె నోరే కారణం.

మా వాళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. ఇప్పటి పిల్లలు పలుకుతున్నారు. నూకరత్నం పలకదు. నా పేరు సూరయ్య కాబట్టి ఆమె నోట సూరీడు అన్న మాట కూడా రాదు. ఎండ అంటుంది, పొద్దు అంటుంది. ఆకాశంలో ఉన్నవాణ్ణి మాత్రం పైనాయన అంటుంది. అప్పుడు నేను కిందాయన్ని. బుల్లెమ్మ ఆటపట్టిస్తుంది, ఏమే రత్నం, మీ పైనాయన నడినెత్తికొచ్చాడు, మమ్మల్ని మాడ్చేస్తున్నాడు, కాస్త చెప్పరాదూ అని. నూకరత్నం ఊరుకోదు. పైనాయన నా మాట వినడమ్మా, కిందాయనే వింటాడు, వినడం తప్ప ఇంకేం రాదాయనకి, అంటుంది.

మాకు పొద్దున ఒక ఎండ కూత, సాయంత్రం ఒక ఎండ కూత, సైరను మోత. పొద్దున కూత కూసిందంటే బయట మనిషి ఉండకూడదు. సాయంత్రం కూస్తే రావచ్చు. సాయంత్రం కూత అవగానే నూకరత్నం తలుపు తీసి, పైనాయన దిగాడు, పదండి, అని కేకేస్తుంది. ఆ కేకకి మా వరసంతా తలుపులు తీస్తారు. కూత ఒక్కోసారి ముందే కూస్తుంది. అందుకని కూతని నమ్మరు, ఆమెని నమ్ముతారు.

ఆమె జబ్బు కూడా ఎండ వల్లే. పీతల గూటి తాడు తెగితే ముడి వేస్తూ కూత వినిపించుకోలేదు. ఎండ దెబ్బ తగిలి పడిపోయింది. బతుకుతుందనుకోలేదు, బతికింది. లేచి కూర్చోగానే చూడ్డానికొచ్చిన వాళ్ళతో ఆమె అన్న మాట ఇది. "కిందాయన ఒక్కనాడూ చెయ్యి చేసుకోలేదని లోటుగా ఉండేది. పైనాయన తీర్చేశాడు."

అందరూ నవ్వారు. ఆ నెలలోనే మూర్ఛలు మొదలయ్యాయి.

రాత 3

షెడ్డులో నా పని రంగులు చూడడం. తెర మీద తడి నాచు నీలంగా కనపడుతుంది. ఆరుతుంటే పచ్చన, తర్వాత పసుపు. ఎరుపు తిరిగిందంటే మాడుతున్నట్టు. ఎరుపు రాకముందే పళ్ళెం లాగెయ్యాలి. అంతే. ఎన్నో ఏళ్ళుగా అదే చూస్తున్నాను.

ఈ రోజు కరీమా పడవలోకి తీసికెళ్ళి గోడ చూపించింది. అవే రంగులు. నీలం, పచ్చ, పసుపు, ఎరుపు. ఎవరిదో పాత బొమ్మ వేసి చూపించింది. రెప్ప వేసి తెరిచేలోపు కొత్త బొమ్మ వస్తోంది. మధ్యలో చుక్కలా మొదలై చుట్టూ పాకుతుంది. తెల్ల గీత ఒకటి ముందే గీసి పెడతారు. వేడి గీత దాటబోతే వెలుగు దానంతటదే ఆగిపోతుంది.

నాకు ధైర్యం వచ్చింది. ఇది తెలిసిన పనే కదా అనుకున్నాను.

రాత 4

ఈ రోజు నూకరత్నం నీళ్ళలో పడింది.

మూర్ఛ వచ్చే ముందు ఆమెకి మాడిన బెల్లం వాసన వస్తుంది. రాగానే కూర్చుండిపోవడం అలవాటు చేసుకుంది. ఈ రోజు వాసన వచ్చిందో లేదో, వచ్చినా గూడు వదలబుద్ధి కాలేదో. పొద్దున కూతకి ముందు గూళ్ళ దగ్గర వంగి ఉంది. బుల్లెమ్మ చూసి అరిచింది. నేను దిగి పట్టుకునేసరికి ఆమె మొహం నీళ్ళలో ఉంది. చీర పాత బడి పైకప్పు ఇనప చువ్వకి తగులుకుని ఉంది, అందుకే కొట్టుకుపోలేదు. ఆ బడిలో నేను నేర్చుకున్నది తక్కువ. ఆమెని మాత్రం ఆపింది.

కరీమా వచ్చి చూసి, వంతు ముందుకు జరుపుతానంది.

రాత 5

డాక్టరమ్మ తెర మీద కనపడింది. పేరు హైమవతి. వయసులో చిన్నదే. నాతో మాట్లాడుతుంటే నేను నూకరత్నం వైపు చూశాను. డాక్టరమ్మ కనిపెట్టి, తాతగారూ, ఆ రోజు మీరు నా వైపే చూడాలి, ఆమె వైపు కాదు, అంది. మళ్ళీ తనే దిద్దుకుంది, కాదు కాదు, ఆమె మొహమే చూడాలి, నాతో మాట్లాడాలి, అంది.

నూకరత్నం అడిగింది, మాడిన చోటు మళ్ళీ పచ్చబడుతుందా అని.

"గుడ్డు ఉడికాక తెల్లసొన మళ్ళీ నీళ్ళవుతుందా అమ్మా? ఇదీ అంతే. అందుకే భయం, అందుకే మేలు కూడా. జబ్బు చోటు మళ్ళీ తిరగబెట్టదు."

జబ్బు చోటు పక్కనే మాటల చోటు ఉందట. వస్తువుల పేర్లుండే చోటు. అది ఒక్కొక్కరికి ఒక్కోచోట ఉంటుందట. ఆమె తల పటంలో గీశారు గానీ పటం పూర్తిగా నమ్మడానికి లేదట. వేడి ఎంతుందో గోడ చెప్తుంది, అక్కడ ఏ మాట ఉందో గోడకి తెలియదు. అందుకే బొమ్మలు చూపించి పేర్లు చెప్పిస్తారు. పేరు రాకపోతే వెలుగు ఆపుతారు. మొదట మాట తడబడినప్పుడే ఆపితే చాలావరకు తిరిగొస్తుందట.

అప్పుడే కొన్ని బొమ్మలు చూపించి చెప్పించారు. నూకరత్నం ఒక్కటి తప్పలేదు. గొడుగు బొమ్మకి గొడుగు అని ఊరుకోక, ఇది మా అత్తది, ఇరిగిపోయింది, అని కూడా చెప్పింది. కట్ట పెద్దది. అన్నీ చూపించలేదు.

రాత 6

ఇంట్లో అలవాటు కోసం బొమ్మల కట్ట ఇచ్చారు. మధ్యాహ్నం తలుపులేసుకుని నేను చూపించాను, ఆమె చెప్పింది. నేను వరసగా చూపించడం కూడా ఆమెకి నచ్చలేదు. ఏదో చావు కబురు చూపిస్తున్నట్టు చూపిస్తావేంటి మావా, కాస్త ఊరించు, అంది.

సూరీడి బొమ్మ వచ్చింది. నేను ఊరించాను. బొమ్మ వీపు వెనక దాచి, కొంచెం కొంచెం చూపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నా చెయ్యి గిల్లింది.

"పైనాయన," అంది.

రాత 7

రేపు మా వంతు.

ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. మెట్టెలు తీసింది. పుస్తెలు తియ్యనంది. కరీమా చాలాసేపు బతిమాలింది. చివరికి బుల్లెమ్మ పసుపుకొమ్ము తెచ్చి దారానికి కట్టి ఇచ్చింది. దారం నేనే కట్టాలన్నారు. పెళ్ళిలో కట్టినట్టే మూడు ముళ్ళూ వేశాను. నూకరత్నం, మూడో ముడి సరిగ్గా పడలేదు, అప్పుడూ పడలేదు, అంది.

అందరూ వెళ్ళాక నన్ను కూర్చోమంది.

"మావా, మాట పోయేట్టుంటే ఆపించెయ్యి. మూర్ఛతో ఎట్టాగో బతుకుతాను. నీళ్ళ జోలికి పోను, ఇంట్లో పడుంటాను. మాట లేకుండా మాత్రం నన్ను ఉంచకు."

నేను తలూపాను.

"తలూపడం కాదు. నోటితో చెప్పు."

ఆపిస్తానన్నాను.

అప్పుడు నవ్వింది. నా మాట పోతే నీకేంలే, హాయిగా ఉంటావు, అంది. అలా అనకు అని చెప్పాలనుకున్నాను. చెప్పేలోపు ఆమె ఇంకేదో మొదలుపెట్టింది.

రాత 8

ఈ రోజుది ఈ రోజే రాయమన్నారు. రాస్తున్నాను.

పొద్దున కూతకి ముందే పడవ ఎక్కాం. తలకి ఒక పక్క జుట్టు తీశారు. నొప్పి తెలియకుండా మందిచ్చి, తల కదలకుండా చట్రం బిగించి, గాజు దారం ఎక్కించారు. పెద్ద గొట్టంలాంటి యంత్రంలోకి ఆమెని సగం తోశారు. ఆమె మొహం నాకు కనపడేలా, బొమ్మలు ఆమెకి కనపడేలా అద్దాలు పెట్టారు. యంత్రం రోకళ్ళు దంచినట్టు చప్పుడు చేస్తోంది. నేను పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. ఎదురు గోడ మీద రంగులు. పక్క తెర మీద డాక్టరమ్మ.

కరీమా నా చెవి దగ్గరకొచ్చి, తాతా, గోడ సంగతి డాక్టరమ్మ చూసుకుంటుంది, నువ్వు అమ్మమ్మ మొహం చూడు, అంది.

బొమ్మలు మొదలుపెట్టారు. పడవ అంది. రోకలి అంది. దువ్వెన చూసి, ఇప్పుడెందుకు, జుట్టు గొరిగేశారుగా, అంది. డాక్టరమ్మ నవ్వి, వెలుగు వేయమంది.

నీలంలో చుక్క పడింది. పచ్చబడింది. పసుపైంది. మధ్యలో ఎరుపు తేలింది. చుట్టూ ఒక్క తీరుగా పాకుతోంది. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. మంచి నాచు పళ్ళెం ఎంత చక్కగా ఆరుతుందో అంత చక్కగా ఉంది. గీతకి ఇంకా చోటుంది. నేను గోడే చూస్తున్నాను. కరీమా చెప్పింది నాకు గుర్తుంది. అయినా గోడే చూస్తున్నాను. కళ్ళకి అలవాటైన పని అది.

డాక్టరమ్మ, ఇదేంటమ్మా, అంది. నూకరత్నం పలకలేదు. మళ్ళీ అడిగింది. పలకలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నేను బొమ్మ వైపు తిరిగాను. సూరీడి బొమ్మ. ఇంట్లో గిల్లింది గుర్తొచ్చి నవ్వొచ్చింది. పదిమంది ముందు ఎవరూ అడక్కుండా నేను నోరు తెరిచి ఎరగను. ఈ రోజు తెరిచాను.

"అది అనదండి. అది నా పేరు. మొగుడి పేరు పలకదు."

డాక్టరమ్మ నవ్వింది. మా నాయనమ్మా అంతే తాతగారూ, అంది. తర్వాతి బొమ్మ వేయమంది. వెలుగు ఆపలేదు.

తర్వాతిది పీత. రోజూ చేత్తో పట్టే పీత.

"అది... నీళ్ళల్లో... అది."

ఆ తర్వాత అది కూడా లేదు. పెదాలు ఆడుతున్నాయి, మాట లేదు. అద్దంలో నా మొహం వెతుక్కుంటోంది. డాక్టరమ్మ ఆపండి అంది. వెలుగు పోయింది. గోడ మీద ఎరుపు పసుపైంది. పసుపు పచ్చబడింది. కాసేపటికి అంతా నీలం. వేడి పుట్టనే లేదన్నట్టుంది గోడ.

రాత 9

మాట రాలేదు. వాపు ఉంటుంది, తగ్గాక చూద్దాం అన్నారు.

మూర్ఛ కూడా రాలేదు.

రాత 10

ఇంటికొచ్చేశాం. వాపు తగ్గిందట. ఆమె లేచి తిరుగుతోంది. తింటోంది. చెయ్యీ కాలూ బాగున్నాయి. చెంబు చేతిలో పట్టుకుని చూస్తుంది. అది దేనికో తెలుసు, నీళ్ళు ముంచుకుంటుంది. దాన్నేమంటారో తెలియదు. నన్నేమంటారో కూడా తెలియదు. మావా అనదు. కొంగు పట్టి లాగుతుంది.

ఈ రోజు షెడ్డుకి పోయాను. పళ్ళేలు లాగుతున్నాను. సాయంత్రం కూత కూసింది. ఎవరూ కదల్లేదు. మా షెడ్డు మా వరసకి దగ్గర, ఆమె కేక అక్కడికి వినపడేది. అందరూ పని ఆపి ఆ కేక కోసం చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. పైనాయన దిగాడు అన్న మాట కోసం.

అప్పుడు తెలిసింది నాకు.

ఆమె సూరీడు అనదు. నిజమే. కానీ ఊరుకోదు. ఒక్కనాడూ ఊరుకోలేదు. పైనాయన అంటుంది. చిన్నప్పుడు కాపరానికొచ్చిన మొదటి రోజునుంచీ అంటోంది. ఇంట్లో బొమ్మ చూపిస్తే అంది. ఆ రోజు పడవలో కూడా అనాలి. అనలేదు. అంటే సిగ్గు కాదు. ఆచారం కాదు. మాట దొరకలేదు. దొరక్క నా చెయ్యి పట్టుకుంది. ఆపించమని పట్టుకుంది.

నేను ఆపించకపోగా, పోనివ్వండి అన్నట్టు చెప్పాను.

పళ్ళెం మాడింది. వాసన వచ్చేదాకా తెలియలేదు నాకు.

రాత 11

కరీమాకి చెప్పాను. మాట్లాడడం నాకు చేతకాదు, ఈ కాయితం చూపించాను. ఆమె చదివి డాక్టరమ్మని పిలిచింది.

డాక్టరమ్మ ఆ రోజు గోడ బొమ్మలు మళ్ళీ వేసింది. సూరీడి బొమ్మ వచ్చిన చోట ఆపింది. ఎరుపు చిన్నది. పీత బొమ్మ దగ్గర ఆపింది. ఎరుపు పెద్దది. రెండూ గీత లోపలే ఉన్నాయి. నూకరత్నం మాటల చోటు పటంలో గీసిన చోట లేదు. గీత లోపలే ఉంది.

నేను అడిగాను. ఆ సూరీడి బొమ్మ దగ్గర ఆపి ఉంటే?

డాక్టరమ్మ ఆ చిన్న ఎరుపు వైపే చూస్తూ చెప్పింది.

"కొంత మిగిలేదేమో తాతగారూ. ఎంతో నాకు తెలీదు. కానీ ఆపాల్సింది నేను. మీ మాట విని నవ్వింది నేను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. మంచి మనిషి. తప్పు తన మీద వేసుకుంటోంది. ఆమె వేసుకున్నంత మాత్రాన నా మీదది తగ్గలేదు. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఆవిడ ఇంకోసారి అడిగేది, అనుమానం వచ్చేది, ఆపేది. పుట్టినప్పటినుంచీ నోరు మూసుకునే ఉన్నాను. ఆ ఒక్కసారి తప్ప.

తిరిగొచ్చే వీలుందా అంటే, నేర్పించి చూడమంది. కొత్తగా నేర్చుకుంటే వేరే చోట కొన్ని మాటలు పట్టుకోవచ్చట. మాట నేర్పే యంత్రం ఇచ్చారు. బొమ్మ చూపించి పేరు చెప్తుంది. ఆడ గొంతు, చాలా శుభ్రంగా పలుకుతుంది.

ఇంటికొస్తూ అనుకున్నాను. ఒకసారి పైనాయన కొట్టాడు. ఈసారి కిందాయన.

రాత 12

నేను మాట్లాడుతున్నాను. పొద్దున లేచింది మొదలు. ఇది చెంబు. ఇది గిన్నె. ఇది నీ దువ్వెన, ఇప్పుడెందుకులే అన్నావు చూడు. చేపల పులుసు నాకు పడదని నువ్వే చెప్పేదానివి. పడుతుంది, నువ్వు చెప్పావని మానేశాను. ఇన్నాళ్ళ మాటలూ ఇప్పుడు వస్తున్నాయి. ఆమె వింటుంది. వినడం తప్ప ఇంకేం రాదు ఆమెకి ఇప్పుడు.

సాయంత్రం కూత కూసింది. వరసలో ఒక్క తలుపు తెరుచుకోలేదు. రోజూ ఆలస్యమవుతోంది, మనుషులు భయపడి బయటికి రావట్లేదు, గూళ్ళలో పీతలు చచ్చిపోతున్నాయి. నేను తలుపు తీశాను. మొదటి కేక నాకే వినపడలేదు. రెండోసారి వచ్చింది.

"పైనాయన దిగాడు, పదండి."

బుల్లెమ్మ ముందు తలుపు తీసింది. ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. గడప మీద కూలబడి ఏడ్చింది. మిగతా తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

నూకరత్నం నా వెనకే నిలబడి ఉంది. ఆ అరిచిన మనిషెవరా అన్నట్టు చూసింది.

రాత 13

పడవ రేపు తాడు విప్పుతుందట. ఏడో గట్టుకి పోతుంది. ఈ కాయితాలు దానితో వెళ్తాయి. అందుకని ఇదొక్కటి రాసి ఆపుతాను.

ఈ రోజు పొద్దున నూకరత్నం మాట్లాడింది.

మాట నేర్పే యంత్రం ముందు కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఉన్నాను. కరీమా సెలవు చెప్పడానికొచ్చి గుమ్మంలో నిలబడింది. బొమ్మలు వస్తున్నాయి, పోతున్నాయి. సూరీడి బొమ్మ వచ్చింది. ఆమె దాని వైపు చూసి, పెదాలు కూడదీసుకుని, యంత్రం పలికినట్టే పలికింది.

"సూరీడు."

కరీమా పరిగెత్తుకొచ్చి ఆమెని వాటేసుకుంది. డాక్టరమ్మకి చెప్తే ఆ యంత్రం తెర మీదే చప్పట్లు కొట్టింది. ఒక మాట పట్టుకుందంటే ఇంకొన్ని పట్టుకుంటుంది, మంచి గుర్తు, అన్నారు. ఇద్దరూ నా వైపు చూశారు, సంతోషపడతానని. నేను లేచి బయటికి పోదామనుకున్నాను. పొద్దున కూత అయిపోయింది, బయటికి పోవడానికి లేదు. గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

సాయంత్రం కూత కూసి కరీమా వెళ్ళాక ఆ బొమ్మ మళ్ళీ వేశాను. ఆమె సూరీడు అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. సిగ్గు పడలేదు. నవ్వలేదు. నా పేరు ఆమె నోట వినకుండానే ముసలివాణ్ణయ్యాను. వినకపోవడమే నాకు కాపరం. ఇప్పుడు విన్నాను. దారిన పోయే మనిషి ఎవరో పిలిచినట్టుంది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని, ఊరిస్తూ చెప్పాను. ఇది సూరీడు కాదు. నువ్వేమంటావు? పైనాయన. పైనాయన అను.

ఆమె నా మొహం చూసింది. జాలిగానే చూసింది. పాఠం రాని పిల్లాడికి చెప్పినట్టు తల అడ్డంగా ఊపి, బొమ్మ మీద వేలు పెట్టింది.

"సూరీడు," అని దిద్దింది.

ఆమె అడిగింది ఒక్కటే. మాట లేకుండా నన్ను ఉంచకు అని. ఆపిస్తానని నోటితో చెప్పాను.

ఏడో గట్టులో మాట తోడు కూర్చోబోయే వాళ్ళకి రెండు ముక్కలు. గోడ మీద రంగులు ఎంత బాగున్నా చూడకండి. మనిషి మొహం చూడండి. మీ మనిషి ఊరుకుంటే, ఎందుకు ఊరుకుందో మీకు తెలుసనుకోకండి. మీకు తెలిసిన సంగతైతే మరీ అనుకోకండి.

ఇంకొకటి అడగాలి. అడగడానికే ఇంత రాశాను. ముందు గట్లలో కూర్చున్నవాళ్ళు, తర్వాత కూర్చునేవాళ్ళు, ఎవరైనా సరే. మీ వాళ్ళలో ఇలా మాట పోయినవాళ్ళెవరికైనా తిరిగొచ్చిందా? యంత్రం నేర్పిన మాట కాదు నేనడిగేది. వాళ్ళ సొంత మాట. వాళ్ళ ఇంట్లో వాళ్ళు మాత్రమే అనుకునే మాట. వస్తే ఎలా వచ్చింది, ఏం చేశారు, ఏం చెప్పారు. ఒక్క మనిషికి వచ్చినా చాలు. రాకపోతే అది కూడా రాయండి. అప్పుడు నేను అడగడం మానేస్తాను.

నా రాత మీకు అర్థం కాకపోతే కరీమాని అడగండి, చదివి చెప్తుంది. ఇక్కడికి వచ్చిపోయే ఏ పడవకిచ్చినా ఆరో గట్టు సూరయ్య అంటే చేరుస్తారు. త్వరగా రాయండి. నాకు వయసైపోతోంది, నేను పోతే పైనాయన అన్న మాట తెలిసినవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ ఉండరు. త్వరగా రాయండి.